స్పేర్‌గా ఉంచుకునే ఫైవ్ స్ట్రింగ్ బేస్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇప్పటికే ఒక ఫైవ్ స్ట్రింగ్ బేస్ (లావు తీగ నుంచి సన్న తీగ వరకు బి, ఇ, ఎ, డి, జి అనే ఐదు తీగలుండే బేస్ గిటార్) వాయిస్తూ, దానికి తోడుగా రెండోది కొనాలనుకునేవాళ్ల కోసం రాసినది ఇది. మొదటి బేస్ కొనేటప్పుడు చూసేవి వేరు, స్పేర్ కొనేటప్పుడు చూడాల్సినవి వేరు. ఆ తేడా నాకు స్టేజీ మీదే తెలిసొచ్చింది. అందుకే కొన్ని జవాబులు కాస్త పొడుగ్గా ఉంటాయి.

బేస్ తీగలు అంత తేలిగ్గా తెగవు కదా, స్పేర్ ఎందుకు?

నిజమే, గిటార్ తీగ తెగినంత తరచుగా బేస్ తీగ తెగదు. కానీ బేస్ మొరాయించడానికి తీగే తెగనక్కర్లేదు. జాక్ వదులైపోతుంది, లోపల ఒక వైరు టంకం ఊడిపోతుంది, స్ట్రాప్ బటన్ స్క్రూ ఊడి బేస్ కింద పడుతుంది, ప్రయాణంలో ట్యూనింగ్ కీ వంగిపోతుంది. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది బ్యాటరీ అయిపోవడం.

నాకు జరిగిందీ అదే. నాది యాక్టివ్ బేస్, అంటే లోపలి సర్క్యూట్ బ్యాటరీతో నడిచేది. ప్రోగ్రామ్‌లో రెండో పాట మధ్యలో సౌండ్ పలచబడింది, తర్వాత చిట్లినట్టు వినిపించింది, ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయింది. పక్కనే ఉన్న స్నేహితుడు తన ఫైవ్ స్ట్రింగ్ ఇచ్చాడు. చాలా మంచి బేస్ అది, సౌండ్ నా దానికన్నా బాగుంది. కానీ దాని తీగల మధ్య ఎడం తక్కువ. ఎ స్ట్రింగ్ మీటాలనుకుంటే వేలు ఇ స్ట్రింగ్ మీద పడేది. మూడు పాటలు అలా తడబడుతూనే వాయించాను. స్పేర్ బేస్ ముందు చేతికి కుదరాలి, చెవికి నచ్చడం ఆ తర్వాతి సంగతి అని ఆ రోజే అర్థమైంది. కింద చెప్పేదంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

అయితే నా మెయిన్ బేస్ లాంటిదే ఇంకొకటి కొంటే సరిపోదా?

దొరికితే, కొనగలిగితే అంతకన్నా మంచిది లేదు. ఒక్క జాగ్రత్త: అదే మోడల్ అంటే అవే బలహీనతలు కూడా. రెండూ బ్యాటరీ మీదే నడిచేవైతే రెండింటి బ్యాటరీల గురించీ మీరే గుర్తుపెట్టుకోవాలి. అలాగే ఒకే పేరు మీద వచ్చే మోడల్‌లో కూడా ఏళ్లు గడిచేకొద్దీ నెక్ ఆకారం మారుతుంటుంది. పేరు చూసి కొనేయకండి, చేత్తో పట్టుకుని చూడండి.

నా దగ్గర నాలుగు తీగల బేస్ ఒకటి ఉంది. దాన్నే స్పేర్‌గా వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, కానీ ముందు ఒక పని చేయండి. మీరు వాయించే పాటల జాబితా తీసి, ఇ కన్నా కింది స్వరాలు ఎన్నిచోట్ల వస్తున్నాయో లెక్కపెట్టండి. బి స్ట్రింగ్ మనకు అదనంగా ఇచ్చేది కిందికి ఐదు స్వరాలే: డి షార్ప్, డి, సి షార్ప్, సి, బి. మీ జాబితాలో వచ్చేది ఎక్కువగా డి మాత్రమే అయితే, ఇ స్ట్రింగ్‌ని ఒక్క మీట నొక్కి డి కి దించే ట్యూనింగ్ కీ బిగించుకుంటే పని జరిగిపోతుంది.

ఇంకో దారి, నాలుగు తీగల బేస్‌ని బి-ఇ-ఎ-డి కి ట్యూన్ చేయడం. ఫైవ్ స్ట్రింగ్ సెట్ కొని, అందులోని సన్నటి జి తీగను వదిలేసి మిగతా నాలుగూ ఎక్కిస్తారు. లావు తీగలు కూర్చోవడానికి నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) గాళ్లు వెడల్పు చేయాలి, ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) సరిచూసుకోవాలి, ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్‌లోనూ స్వరం సరిగ్గా పలికేలా తీగ పొడవు సర్దడం) మళ్లీ పెట్టుకోవాలి. ఒకసారి గాడి వెడల్పు చేశాక మామూలు తీగలు అందులో సరిగ్గా నిలవవు కాబట్టి, ఆ బేస్‌ని శాశ్వతంగా ఈ పనికే ఇచ్చేసినట్టు అనుకోవాలి. లేకపోతే వేరే నట్ చేయించి పెట్టుకోవాలి.

కానీ అసలు చిక్కు స్వరాల్లో లేదు, అలవాటులో ఉంది. ఫైవ్ స్ట్రింగ్ వాయించేవాళ్లు బి స్ట్రింగ్‌ని కింది స్వరాల కోసం మాత్రమే వాడరు. ఐదో ఫ్రెట్‌లో ఇ, ఆరులో ఎఫ్, ఎనిమిదిలో జి అక్కడే తీసుకుని చెయ్యి ఎక్కువ జరపకుండా వాయిస్తారు. బొటనవేలు ఆన్చేది కూడా బి స్ట్రింగ్ మీదే. ఆ తీగ లేకపోతే అటు ఎడమ చెయ్యి, ఇటు కుడి బొటనవేలు రెండూ దారి తప్పుతాయి. మీరు ఏళ్ల తరబడి ఐదు తీగలే వాయిస్తుంటే స్పేర్ కూడా ఐదు తీగలదే తీసుకోమంటాను.

తీగల మధ్య ఎడం ఎంత ఉందో ఎలా కొలవాలి? రెండు మిల్లీమీటర్ల తేడా నిజంగా తెలుస్తుందా?

తెలుస్తుంది. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించే భాగం) దగ్గర బి స్ట్రింగ్ నడిమధ్య నుంచి జి స్ట్రింగ్ నడిమధ్యకు స్కేలుతో కొలిచి, నాలుగుతో భాగించండి. అదే మీ బేస్ స్పేసింగ్. సంప్రదాయ నాలుగు తీగల బేస్‌లలో ఇది దాదాపు 19 మిల్లీమీటర్లు. ఫైవ్ స్ట్రింగ్‌లలో కొన్ని అదే 19 ఉంచుతాయి, కొన్ని 17.5 దగ్గర ఆగుతాయి, ఐబనీజ్ ఎస్ఆర్ లాంటివి 16.5 కి వస్తాయి. ఒక్కో తీగకు రెండున్నర మిల్లీమీటర్లంటే చిన్నదిగానే అనిపిస్తుంది. కానీ బి నుంచి జి వరకు చూస్తే ఒకదాంట్లో 76, ఇంకోదాంట్లో 66. ఏకంగా సెంటీమీటరు తేడా! తీగ దాటి తీగ మీటే వేళ్లకు అది చాలా దూరం. స్లాప్ వాయించేవాళ్లకైతే మరీ ఇబ్బంది, బొటనవేలు కొట్టేచోటు, వేలు లాగేచోటు రెండూ మారిపోతాయి.

ఏది మంచిది అని అడగకండి. వెడల్పుది స్లాప్‌కు హాయిగా ఉంటుంది, ఇరుకుది వేళ్లతో వేగంగా వాయించేవాళ్లకు నచ్చుతుంది. స్పేర్ విషయంలో ప్రశ్న ఒక్కటే: మీ మెయిన్ బేస్‌కు ఇది ఎంత దగ్గరగా ఉంది? ఒక మిల్లీమీటరు లోపు తేడాకు నా చెయ్యి సర్దుకుంటుంది, అంతకు మించితే తప్పులు మొదలవుతాయి. కొన్ని బ్రిడ్జ్‌లలో ఒక్కో శాడిల్‌ని (తీగ ఆనే చిన్న ముక్కని) పక్కకు కొద్దిగా జరుపుకునే వీలుంటుంది. అలాంటిదైతే చిన్న తేడాని అక్కడే సరిచేసుకోవచ్చు.

నట్ వెడల్పు, నెక్ మందం కూడా చూడండి. ఫైవ్ స్ట్రింగ్ నట్‌లు సాధారణంగా 44 నుంచి 48 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. ఎడమ చెయ్యి ఈ తేడాని కుడి చేతికన్నా త్వరగా ఓర్చుకుంటుందని నా అనుభవం. కాబట్టి రెండూ కుదరకపోతే బ్రిడ్జ్ దగ్గరి కొలతకే ముందు చోటివ్వండి.

34 అంగుళాల స్కేలా (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు), 35 అంగుళాలదా?

మీ మెయిన్ ఏదైతే అదే. ఇక్కడితో జవాబు అయిపోయింది, కానీ కారణం తెలుసుకోవడం మంచిది.

ఇ స్ట్రింగ్ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తే బి స్ట్రింగ్ 31 సార్లే కంపిస్తుంది. అంత నెమ్మదిగా కదిలే లావు తీగకు టెన్షన్ తక్కువైతే స్వరం బురదగా వస్తుంది. తీగ పొడవు పెంచితే అదే తీగని, అదే స్వరానికి ఇంకాస్త గట్టిగా బిగించాల్సి వస్తుంది. 34 నుంచి 35 కి వెళితే టెన్షన్ సుమారు 6 శాతం పెరుగుతుంది. లేక్‌ల్యాండ్ లాంటి కంపెనీలు 35 అంగుళాలు ఎంచుకున్నది ఇందుకే. డింగ్‌వాల్ అయితే ఫ్రెట్లనే విసనకర్రలా పరిచి, బి స్ట్రింగ్‌కు 37, జి స్ట్రింగ్‌కు 34 అంగుళాలు ఇస్తుంది.

అలాగని 34 అంగుళాల్లో మంచి బి రాదని కాదు. మ్యూజిక్‌మ్యాన్ స్టింగ్‌రే ఫైవ్ 1987 నుంచి 34 అంగుళాల్లోనే వస్తోంది, దాని బి స్ట్రింగ్‌ని ఇష్టపడేవాళ్లు లెక్కలేనంతమంది. నెక్ ఎంత గట్టిది, బాడీకి ఎంత బిగువుగా కూర్చుంది, నట్ గాడి ఎంత శుభ్రంగా ఉంది, తీగ ఎంత లావుది, ఇవన్నీ కలిసి బి స్ట్రింగ్ సంగతి తేలుస్తాయి.

చేతి లెక్కకు వస్తే, నట్ నుంచి నాలుగో ఫ్రెట్ వరకు దూరం 34 అంగుళాల బేస్‌లో 178 మిల్లీమీటర్లు, 35 అంగుళాలదాంట్లో 183. మొదటి పొజిషన్‌లో నాలుగు వేళ్లూ పరిచి వాయించేవాళ్లకు ఆ ఐదు మిల్లీమీటర్లు గంటసేపటి తర్వాత మణికట్టులో తెలుస్తాయి.

షాపులో బి స్ట్రింగ్‌ని ఎలా పరీక్షించాలి?

ముందు ఆంప్‌లో పెట్టకండి. షాపుల్లో ఉండే చిన్న ఆంప్ స్పీకరు 31 హెర్ట్జ్‌ని దాదాపు పలకలేదు. మీకు వినిపించేది ముఖ్యంగా దాని పైన ఉండే 62 హెర్ట్జ్, ఇంకా ఆ పైవి. చిన్న ఆంప్‌లో మంచి బేస్ కూడా డొల్లగా వినిపించవచ్చు, సాధారణ బేస్ గొప్పగా అనిపించవచ్చు.

కేబుల్ లేకుండానే ట్యూన్ చేసి, బేస్ పై కొమ్ముకు చెవి ఆనించి వాయించండి. ఖాళీ ఇ స్ట్రింగ్ మీటండి, తర్వాత బి స్ట్రింగ్ ఐదో ఫ్రెట్ మీటండి. రెండూ ఒకే స్వరం. గొంతు కొద్దిగా వేరుగా ఉండటం సహజం, కానీ రెండోది మొదటిదాని కన్నా చాలా త్వరగా చచ్చిపోతే ఆ బేస్ పక్కన పెట్టండి. ఆ తర్వాత బి స్ట్రింగ్‌ని మామూలుగా ఒకసారి, గట్టిగా ఒకసారి మీటి ట్యూనర్ ముల్లు చూడండి. గట్టిగా మీటినప్పుడు ముల్లు బాగా పైకి ఎగిరి మెల్లగా దిగుతుంటే తీగ వదులుగా ఉన్నట్టు. ఇది కొన్నిసార్లు సన్నటి తీగ వేయడం వల్లే జరుగుతుంది. 125 బదులు 130 లేదా 135 గేజ్ (తీగ లావు) వేస్తే బాగుపడవచ్చు.

పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇంటొనేషన్ చూడటం అందరికీ తెలిసిందే. దాంతోపాటు బి స్ట్రింగ్ శాడిల్ ఇంకా వెనక్కి జరగడానికి చోటుందో లేదో చూడండి. ఇప్పటికే చివరికంటా జరిగిపోయి, అయినా స్వరం ఎక్కువే పలుకుతుంటే ఇంకా లావు తీగ వేసినప్పుడు మీకు దారి ఉండదు. తీగలు పాతబడి ఉంటే మాత్రం తీర్పు చెప్పకండి. చచ్చిన బి తీగతో ఏ బేస్ అయినా చెత్తగానే వినిపిస్తుంది.

యాక్టివ్ తీసుకోవాలా, పాసివ్ తీసుకోవాలా?

స్పేర్‌కు పాసివ్, అంటే బ్యాటరీ అక్కర్లేనిది. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెబుతాను. మెయిన్ యాక్టివ్ అయితే మరీను. స్పేర్ అంటే నెలల తరబడి పెట్టెలో ఉండి, అడిగిన క్షణంలో పలకాల్సింది. లోపల బ్యాటరీ ఉంటే అది ఎప్పటిదో మీకే గుర్తుండదు. పైగా చాలా యాక్టివ్ బేస్‌లలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. స్టేజీ పక్కన స్టాండు మీద కేబుల్‌తో సిద్ధంగా ఉంచిన యాక్టివ్ స్పేర్ అక్కడే నిశ్శబ్దంగా అయిపోవచ్చు.

యాక్టివ్ సౌండే కావాలంటే పాసివ్‌కు మార్చే స్విచ్ ఉన్నది చూడండి. కొనేముందు బ్యాటరీ పూర్తిగా తీసేసి, ఆ స్విచ్ వేసి వాయించండి. కొన్నిటిలో ఆ స్విచ్ ఈక్యూని (టోన్ సర్దే సర్క్యూట్‌ని) మాత్రమే పక్కకు తప్పిస్తుంది, బ్యాటరీ లేకపోతే సౌండ్ రాదు. పేర్లు అవే ఉన్నా పని వేరు.

పికప్‌లు ఏవి మంచివి?

తెలియని స్టేజీల మీద వాయించేవాళ్లకు హంబకర్ (హమ్ అనే రొద రాకుండా రెండు కాయిళ్లతో చేసిన పికప్) నిశ్చింత. జాజ్ బేస్ తరహా రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు రెండూ సమానంగా తెరిచి ఉంచినప్పుడు సాధారణంగా హమ్ రాదు, ఒకటి తగ్గించగానే మొదలవుతుంది. ఎర్తింగ్ సరిగ్గా లేనిచోట, లైట్ల డిమ్మర్లు దగ్గరగా ఉన్నచోట అది బాగా ఎక్కువవుతుంది.

రెండు బేస్‌ల సౌండ్ ఒకేలా లేకపోతే సౌండ్ ఇంజనీరుకు ఇబ్బంది కాదా?

టోన్ తేడాకన్నా లెవెల్ తేడా ఎక్కువ ఇబ్బంది. మెల్లగా ఉన్న బేస్ తీసి బిగ్గరగా ఉన్నది పెట్టగానే మిక్స్ అంతా చెదిరిపోతుంది. ఎక్కువ పలికేదాని పికప్ ఎత్తు కొంచెం తగ్గించండి. అదీ చాలకపోతే రెండింటికీ వేర్వేరు లెవెల్ పెట్టుకునే ఎ-బి బాక్స్ గానీ, ప్రీఆంప్ పెడల్ గానీ మధ్యలో ఉంచండి. ఒకే రకం తీగలు రెండింటికీ వేస్తే టోన్ సగానికి పైగా దగ్గరకు వచ్చేస్తుంది. నేను రెండింటికీ 45 నుంచి 130 వరకు ఉండే నికెల్ సెట్టే వేస్తాను. మెయిన్ నుంచి తీసిన పాత తీగలు స్పేర్‌కు ఎక్కించడం నాకిష్టం ఉండదు. ఒకసారి కోసి వంచిన తీగ వేరే హెడ్‌స్టాక్‌కు (ట్యూనింగ్ కీలుండే తల భాగానికి) పొడవు సరిపోకపోవచ్చు.

బరువు సంగతి?

ఫైవ్ స్ట్రింగ్‌లు ఎక్కువగా 4 నుంచి 5 కిలోల మధ్య ఉంటాయి. స్పేర్‌ని మోసుకెళ్లేదీ మీరే కాబట్టి తేలికది మంచిది, అయితే హెడ్‌స్టాక్ కిందికి వాలకూడదు. స్ట్రాప్ వేసుకుని రెండు చేతులూ వదిలేయండి. నెక్ నేల వైపు జారుతుంటే, మిగతా ప్రోగ్రామ్ అంతా ఎడమ చెయ్యి దాన్ని మోస్తూనే ఉంటుంది.

హెడ్‌లెస్ బేస్ స్పేర్‌గా బాగుంటుందా?

ప్రయాణాలకు చాలా బాగుంటుంది. 1980ల మొదట్లో నెడ్ స్టైన్‌బర్గర్ తెచ్చిన ఆలోచన అది: హెడ్‌స్టాక్ తీసేసి ట్యూనింగ్ అంతా బ్రిడ్జ్ వైపుకు మార్చడం. పొట్టిగా ఉంటుంది, వాలదు, దెబ్బలు తక్కువ తగులుతాయి. కానీ కొన్నిటికి రెండు చివరలా గుండు ఉండే ప్రత్యేకమైన తీగలు కావాలి, అవి ప్రతిచోటా దొరకవు. మామూలు తీగని బిగించుకునే క్లాంప్ ఉన్న హెడ్‌లెస్ అయితే ఆ భయం లేదు. చూపుకు అలవాటు పడటానికి కొన్నాళ్లు పడుతుంది, ఎందుకంటే మొదటి ఫ్రెట్ ఎక్కడుందో చాలామంది హెడ్‌స్టాక్‌ని బట్టే అంచనా వేస్తారు.

సెకండ్ హ్యాండ్ కొనవచ్చా?

నిరభ్యంతరంగా. స్పేర్‌కు గీతలు, మచ్చలు లెక్కలోకి రావు. చూడాల్సింది లోపలి ఆరోగ్యం. బాడీ చివర నుంచి నెక్ పొడవునా చూపు సారించి మెలిక ఉందేమో గమనించండి. వంపు ఉంటే ట్రస్ రాడ్‌తో సరిచేయవచ్చు, మెలిక తీయడం చాలా కష్టం. ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతుందో లేదో అమ్మేవారి చేతే తిప్పించి చూడండి. ఒకటి రెండు ఫ్రెట్ల దగ్గర గాళ్లు లోతుగా పడ్డాయా? శాడిల్ స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకున్నాయా? కేబుల్ గుచ్చి జాక్ దగ్గర మెల్లగా కదపండి, నాబ్‌లన్నీ చివరి నుంచి చివరికి తిప్పండి. కరకరలు శుభ్రం చేస్తే చాలావరకు పోతాయి. సౌండ్ మధ్యలో తెగిపోతే మాత్రం బేరం ఆడండి.

డెడ్ స్పాట్ అనేది ఒకటుంది. జి స్ట్రింగ్‌లో ఐదు నుంచి ఏడో ఫ్రెట్ ప్రాంతంలో కొన్ని బేస్‌లు ఒకటి రెండు స్వరాలను మింగేస్తాయి. నెక్ తన సొంత కంపనంతో ఆ శక్తిని లాగేసుకోవడం వల్ల వచ్చేది కాబట్టి సెటప్‌తో పోదు. ఒక్కో ఫ్రెట్ మీద ఆగి, స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా వినండి.

ఏ మోడళ్లు చూడమంటారు?

చేతి కొలతలు నాకు తెలియవు కాబట్టి ఒక్క పేరు చెప్పలేను. ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. సాదా పాసివ్ కావాలంటే యమహా బిబి435, ఫెండర్ ప్లేయర్ జాజ్ బేస్ ఫైవ్ వాయించి చూడండి, రెండూ 34 అంగుళాలవే. మీ మెయిన్ ఇరుకు స్పేసింగ్‌దైతే ఐబనీజ్ ఎస్ఆర్ వరుస మీ చేతికి దగ్గరగా ఉంటుంది. రెండు విధాలుగానూ పనిచేసేది కావాలంటే పాసివ్ స్విచ్ ఉన్న యమహా బిబి735ఎ ఉంది. కొనేటప్పుడు కొలిచే స్కేలు జేబులో పెట్టుకెళ్లండి.

పైన సి తీగ ఉండే ఫైవ్ స్ట్రింగ్ తీసుకుంటే రెండు రకాలుగా వాడుకోవచ్చు కదా?

స్పేర్‌గా వద్దు, మీ చేతికి అలవాటైన కింది బి అందులో ఉండదు. ఆసక్తి కోసం చెబుతున్నా, ఫెండర్ 1965లో తెచ్చిన బేస్ ఫైవ్‌లో ఐదో తీగ పైనున్న సి నే, దానికి 15 ఫ్రెట్లే ఉండేవి. కింద బి ఉండే పద్ధతి 1970ల నడుమ బేసిస్ట్ జిమ్మీ జాన్సన్ అలెంబిక్ కంపెనీతో చేయించుకున్న బేస్‌తో మొదలై, తర్వాత అందరి చేతుల్లోకి వచ్చింది.

కొన్నాక స్పేర్‌ని ఎలా ఉంచుకోవాలి?

పెట్టెలో మూసేసి మర్చిపోతే అది స్పేర్ కాదు. తీగలు వదులు చేయకుండా ట్యూన్‌లోనే ఉంచండి. వాతావరణం మారినప్పుడల్లా నెక్ రిలీఫ్ (నెక్‌కు ఉండాల్సిన కొద్దిపాటి వంపు) చూడండి, నేను 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉంచుతాను. యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) రెండు బేస్‌లకూ ఒకేలా పెట్టుకోండి. స్ట్రాప్ పొడవు కూడా రెండింటికీ ఒకటే ఉండాలి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, బేస్ రెండు అంగుళాలు కిందికి వేలాడితే మణికట్టు కోణమే మారిపోతుంది.

నెలకు ఒక రిహార్సల్ మొత్తం స్పేర్ మీదే వాయించండి. మార్పిడి కూడా సాధన చేయండి: ట్యూనర్ పెడల్ తొక్కి మ్యూట్ చేయడం, కేబుల్ మార్చడం, స్ట్రాప్ వేసుకోవడం, మ్యూట్ తీయడం. మ్యూట్ చేయకుండా కేబుల్ లాగితే వచ్చే పెద్ద శబ్దం స్పీకర్లకూ మంచిది కాదు, వినేవాళ్లకూ మంచిది కాదు. ప్రోగ్రామ్ రోజున స్పేర్ స్టాండు మీద, చెయ్యి చాపితే అందేచోట ఉండాలి. బ్యాగులో జిప్పు వేసి ఉంటే పాట అయిపోయాకే బయటికి వస్తుంది.

ప్రోగ్రాములు లేవు, ఇంట్లోనే వాయిస్తాను. నాకూ కావాలా?

అక్కర్లేదు. ఉన్న బేస్‌కు మంచి సెటప్ చేయించి, ఒక అదనపు కేబుల్, ఒక సెట్ తీగలు దగ్గర ఉంచుకోండి.

స్పేర్ కొన్నాక మెయిన్ కన్నా దాన్నే ఎక్కువ వాయిస్తున్నాను. ఏదైనా తప్పు చేశానా?

లేదు, చాలామందికి ఇలా జరుగుతుంది, నాకూ జరిగింది. స్పేర్ కోసమని కొన్న పాసివ్ బేస్ మూడో నెలకే నా మెయిన్ అయిపోయింది. అప్పుడు పాత మెయిన్‌ని స్పేర్‌గా మార్చి, స్ట్రాప్ పొడవు, యాక్షన్, లెవెల్ అన్నీ కొత్త మెయిన్‌కు సరిపోయేలా మళ్లీ పెట్టుకోవాలి. ఆ రోజు పాట మధ్యలో ఆగిపోయిన యాక్టివ్ బేస్ ఇప్పుడు నా స్పేర్. ప్రతి ప్రోగ్రామ్ ముందు రోజు దానికి కొత్త బ్యాటరీ వేసి, వెనక మూత మీద తేదీ రాసిన టేప్ ముక్క అంటిస్తాను.